ముందు ధర.. తర్వాతే పని!

రాత్రి పదకొండు దాటింది. రూమ్ తాళంచెవి లోపలే ఉండిపోయింది, తలుపేమో లాక్ పడిపోయింది. ఫోన్‌లో చార్జింగ్ పన్నెండు శాతం. పొద్దున్నే ఇంటర్వ్యూ. సర్టిఫికెట్ల ఫైలు, ఇస్త్రీ చేసిన చొక్కా.. రెండూ లోపలే. ఇలాంటప్పుడు మీరైతే ఏం చేస్తారు? ఎవరి నంబరు దొరికితే వాళ్లకి ఫోన్ చేస్తారు. నేనూ అదే చేశా.

బీటెక్ అయిపోయి హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న రోజులవి. ఎంతవుతుందని అడిగితే, వచ్చి చూస్తేగానీ చెప్పలేనన్నాడు తాళాలు తీసే అతను. సరే రమ్మన్నా. వచ్చాడు, డ్రిల్లింగ్ మిషన్ పెట్టాడు, పది నిమిషాల్లో తలుపు తెరిచాడు. అప్పుడు చెప్పాడు.. రెండు వేల రెండొందలు! అందులో రాత్రి పూట వచ్చినందుకు ఎంత, కొత్త తాళానికి ఎంత, కూలి ఎంత అంటే లెక్క లేదు. ఆ నెలంతా గడవడానికి నా దగ్గరున్నది మూడు వేలు. బేరమాడొచ్చు కదా అంటారా? తలుపు అప్పటికే తెరిచేశాడు. పాత తాళం ముక్కలై నేలమీద పడుంది. ఇంకేం బేరం?

డబ్బిచ్చేశా. కానీ చాలాకాలం నన్ను బాధపెట్టింది ఆ రెండు వేల రెండొందలు కాదు. ఆ మాట ఫోన్‌లోనే చెప్పి ఉంటే ఫ్రెండ్ రూమ్‌కి వెళ్లి పడుకునేవాణ్ని, పొద్దున్నే ఓనర్ దగ్గర రెండో తాళంచెవి తీసుకునేవాణ్ని. లేదా ఇంటర్వ్యూ ముఖ్యం కాబట్టి సరేననేవాణ్ని. ఏదైనా నిర్ణయం నాది అయ్యేది.

ఇక్కడితో అయిపోతే ఇదో మామూలు ఫిర్యాదు. రెండేళ్ల తర్వాత నేనూ అదే పని చేశా. తెలిసినాయన ట్యూషన్ సెంటర్‌కి వెబ్‌సైట్ చేసిపెట్టమంటే, ఎంతవుతుందని ఆయన అడిగినప్పుడు ముందు పని చూద్దాం సార్ అని దాటేశా. నిజం చెప్పాలంటే ఎంత అడగాలో నాకే తెలీదు. పనంతా అయ్యాక బిల్లు పంపిస్తే ఆయన మారు మాట్లాడకుండా డబ్బులేశాడు. మళ్లీ ఎప్పుడూ ఫోన్ చేయలేదు. అప్పుడు అర్థమైంది.. ఆ రాత్రి వచ్చినతను మోసగాడు కాకపోవచ్చు. నాలాగే ధర ముందు చెప్పడం చేతకానివాడై ఉండొచ్చు.

ఈ చేతకానితనానికి నూటయాభై ఏళ్ల కిందటే మందు వెతికిన మనిషి ఒకరున్నారు. ఆయన తాళాలు తీసే పనివాడు కాదు, కోట్లు, ప్యాంట్లు అమ్మిన వ్యాపారి. పేరు జాన్ వానమేకర్. ఊరు అమెరికాలోని ఫిలడెల్ఫియా. ఇవాళ ఏ షాపులోకి వెళ్లినా, ఏ యాప్ తెరిచినా వస్తువు పక్కనే ధర కనిపిస్తుంది. నచ్చకపోతే వెనక్కిచ్చే వీలుంటుంది. ఇవి మామూలు విషయాలు కావడానికి గట్టిగా పాటుపడిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

ఇటుకలు తిరగేసిన కుర్రాడు

జాన్ 1838 జులై 11న పుట్టాడు. తండ్రి నెల్సన్ ఇటుకలు చేసేవాడు. ఆరబెట్టిన పచ్చి ఇటుకల్ని అటూ ఇటూ తిరగేయడం పిల్లాడి పని. బడిచదువు ఎక్కువకాలం సాగలేదు. పద్నాలుగేళ్లకే ఓ పుస్తకాల దుకాణంలో చిన్నాచితకా పనులు చేసిపెట్టే కుర్రాడిగా చేరాడు. వారానికి డాలరుంపావు జీతం. ఆ తర్వాత మగవాళ్ల దుస్తులమ్మే దుకాణాల్లోకి మారాడు. అందులో ఒకటి ఫిలడెల్ఫియాలో అప్పట్లో పేరున్న టవర్ హాల్. కొలతలు, గుడ్డల రకాలు, కొనేవాళ్ల మనసు.. ఇవన్నీ అక్కడే నేర్చుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే అదే ఆయన ఇంటర్న్‌షిప్.

పనిలో లోటు చేయలేదు కానీ ఒళ్లే సహకరించలేదు. ఊపిరితిత్తులు బలహీనపడి ఉద్యోగం మానేశాడు, గాలిమార్పు కోసం ఊరు విడిచి వెళ్లాడు. కాస్త కోలుకుని తిరిగొచ్చాక ఫిలడెల్ఫియా వైఎంసీఏలో జీతం తీసుకునే కార్యదర్శి అయ్యాడు. 1858లో బెథనీ అనే సండే స్కూల్ మొదలుపెట్టాడు. ఆ బడితో బంధం చివరిదాకా తెంచుకోలేదు. 1860లో మేరీ బ్రౌన్‌ను పెళ్లి చేసుకున్నాడు.

జాన్ చిన్ననాటి గురించి తరచూ చెప్పుకునే కథ ఒకటుంది. క్రిస్మస్‌కి అమ్మకు బహుమతి ఇద్దామని కూడబెట్టిన డబ్బుతో ఓ నగల దుకాణానికి వెళ్లాడట. ఒకటి ఎంచుకున్నాడు. అంతలోనే పక్కనున్నది ఇంకా నచ్చింది. మార్చమని అడిగితే కొట్టువాడు ఒప్పుకోలేదట. ఒకసారి తీసుకున్నాక అంతే. డబ్బు పోయింది, నచ్చనిది చేతికొచ్చింది. ఆ కథ అక్షరాలా అలాగే జరిగిందో లేదో గానీ, అలాంటి అనుభవం అప్పట్లో ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఎందుకో తెలియాలంటే ఆనాటి దుకాణం ఎలా నడిచేదో చూడాలి.

ముఖం చూసి ధర

ఆ రోజుల్లో చాలా దుకాణాల్లో వస్తువుకి చీటీ ఉండేది. కానీ దానిమీద అంకెల బదులు అక్షరాలుండేవి. అక్షరాలు తిరిగిరాని పదక్షరాల మాటనో పదబంధాన్నో యజమాని ఎంచుకుంటాడు. ఒక్కో అక్షరం ఒక్కో అంకెకు గుర్తు. ఆ మాట తెలిసిన గుమాస్తాకు చీటీ చూడగానే కొన్న ధర తెలిసిపోతుంది. మీకు మాత్రం అవి అర్థంలేని అక్షరాలు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి వెంటనే వెలిగి ఉంటుంది.. అదో చిన్న ఎన్‌క్రిప్షన్. తాళం గుమాస్తా దగ్గర, డబ్బు మీ దగ్గర!

ఇక ఆట మొదలవుతుంది. గుమాస్తా మీ బట్టలు చూస్తాడు, మాట తీరు చూస్తాడు, తొందరలో ఉన్నారో లేదో చూస్తాడు. దాన్నిబట్టి ఓ ధర చెబుతాడు. మీరు సగానికి అడుగుతారు. నోరున్నవాళ్లకు తక్కువకొస్తుంది, మొహమాటస్తులకు వాత పడుతుంది. పిల్లల్ని, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లని అంగడికి పంపాలంటే భయం. ఒకే కోటు ఒకే రోజు ఇద్దరికి రెండు ధరలకు అమ్ముడుపోయేది. లోపలికి వెళ్లి ఏమీ కొనకుండా బయటికి రావడం కూడా చాలాచోట్ల ఇబ్బందిగానే ఉండేది.

ఈ ఆటలో ఎక్కువ నష్టపోయేదెవరు? వస్తువు విలువ తెలియనివాళ్లు, తొందరలో ఉన్నవాళ్లు, మరో కొట్టుకు వెళ్లే వీల్లేనివాళ్లు. అర్ధరాత్రి మూసిన తలుపు ముందు నిలబడ్డ మనిషికి ఈ మూడు లక్షణాలూ ఉంటాయి!

బేరం లేని ధరను కనిపెట్టింది వానమేకర్ అని కొందరు రాస్తుంటారు, అది నిజం కాదు. ఇంగ్లండ్‌లో క్వేకర్ మతస్తులైన వర్తకులు అంతకు రెండు శతాబ్దాల ముందే ఒకే మాట, ఒకే ధర అని అమ్మేవారు. బేరంలో అబద్ధం ఉంటుందన్నది వాళ్ల నమ్మకం. న్యూయార్క్‌లో ఏ.టి.స్టీవర్ట్, పారిస్‌లో బాన్ మార్షే దుకాణం నడిపిన అరిస్టీడ్ బూసికో కూడా ఈ దారిలో వానమేకర్‌ కన్నా ముందున్నవాళ్లే. వానమేకర్ గొప్పతనం వేరేచోట ఉంది. ఆ పద్ధతిని గోడమీద రాసి వదిలేయకుండా, పత్రికలో అందరికీ తెలిసేలా మాటిచ్చి, ఆ మాటకు పూచీ కూడా జోడించారు.

గల్లాపెట్టెలో 67 సెంట్లు

1861 ఏప్రిల్ 8. వానమేకర్‌కు ఇంకా ఇరవై మూడేళ్లు నిండలేదు. బావమరిది నేథన్ బ్రౌన్‌తో కలిసి ఫిలడెల్ఫియాలోని మార్కెట్ వీధి, ఆరో వీధి కూడలిలో ఓక్ హాల్ అనే మగవాళ్ల దుస్తుల దుకాణం తెరిచారు. అధ్యక్షుడిగా జార్జి వాషింగ్టన్ నివసించిన ఇల్లు ఒకప్పుడు ఉన్న స్థలమది. జాగా మంచిదే, ముహూర్తమే బాలేదు. నాలుగు రోజులకు ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలాయి, అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. రేపేమవుతుందో తెలియని జనం కొత్త కోట్లు కొంటారా?

తొలిరోజు వచ్చిన డబ్బు 24 డాలర్ల 67 సెంట్లు. అందులో 24 డాలర్లు ప్రకటనలకు పెట్టేసి, మర్నాడు చిల్లర ఇవ్వడానికి 67 సెంట్లు గల్లాపెట్టెలో ఉంచారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. మొదట చదివినప్పుడు ఇదో మార్కెటింగ్ కథలా అనిపించింది నాకు. తర్వాత ఆలోచిస్తే వేరే కోణం కనిపించింది. ప్రకటన అంటే నలుగురి ముందు ఇచ్చిన మాట. పత్రికలో ఓ ధర అచ్చేశాక, కౌంటర్ దగ్గర ముఖం చూసి మార్చడం కుదరదు. ఎవరైనా పేపరు తెచ్చి చూపిస్తారు. అంటే తన చేతుల్ని తనే కట్టేసుకున్నారన్నమాట.

యుద్ధం ముగిసే రోజులకల్లా ఓక్ హాల్ పద్ధతి ఊరికి తెలిసిపోయింది. అందరికీ ఒకే ధర, అప్పుల్లేకుండా నగదు, సరుకుకు పూర్తి పూచీ, నచ్చకపోతే డబ్బు వాపస్. ఈ నాలుగూ విడివిడిగా చూస్తే కొత్తవి కావు. కానీ కలిసి పనిచేసే తీరు చూడండి. అప్పు లేదు కాబట్టి ఎగ్గొట్టేవాళ్ల నష్టాన్ని మంచివాళ్ల మీద రుద్దక్కర్లేదు. ఒకే ధర కాబట్టి గుమాస్తాకు ముఖాలు చదివే విద్య అక్కర్లేదు, సరుకు గురించి తెలిస్తే చాలు. ఏళ్ల అనుభవం లేని కుర్రాళ్లు, అమ్మాయిలు కూడా ఉద్యోగానికి పనికొచ్చారు. డబ్బు వాపస్ కాబట్టి కొనేవాడికి ధైర్యం.

దీనికి అమ్మేవాడు చెల్లించే మూల్యం కూడా ఉంది. బేరం ఉన్నప్పుడు తప్పులు దాచుకోవచ్చు. ఒకరి దగ్గర పోయింది ఇంకొకరి దగ్గర లాగొచ్చు. ధర ముందే చెప్పేవాడికి ఆ వీల్లేదు. గుడ్డ ఎంతకొచ్చింది, కుట్టుకూలి ఎంత, అద్దె ఎంత, వెనక్కొచ్చే సరుకు ఎంత ఉండొచ్చు.. ఇవన్నీ ముందే లెక్కేసుకోవాలి. తన ఖర్చు తనకే తెలియనివాడు ధర ముందే చెప్పలేడు. ట్యూషన్ సెంటర్ ఆయన ముందు నేను నీళ్లు నమలడానికి కారణం ఇదే. వినయం కాదు, లెక్క రాకపోవడం!

రైలు గోదాంలో కొత్త లోకం

1868లో నేథన్ బ్రౌన్ చనిపోయారు. వానమేకర్ ఒంటరిగానే ముందుకెళ్లారు. మరుసటేడాది చెస్ట్‌నట్ వీధిలో రెండో దుకాణం తెరిచారు. 1875లో మరో సాహసం. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వదిలేసిన పాత సరుకు గోదాంను మార్కెట్ వీధిలో కొన్నారు. ఊరి నడిమధ్య వ్యాపారానికి అది దూరమని చాలామంది అనుకున్నారు. ఆయన ముందుగా దాన్ని మత బోధకుడు మూడీ సభలకు ఇచ్చారు. జనం తండోపతండాలుగా వచ్చి ఆ దారి అలవాటు చేసుకున్నారు. 1876లో అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన సందర్భంగా ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన జరిగింది. కోటికి దగ్గరగా సందర్శకులు. సరిగ్గా ఆ సమయానికి గోదాం గ్రాండ్ డిపో అనే దుకాణమైంది. మరుసటేడు అందులోకి బట్టలతో పాటు రకరకాల సరుకులు చేరాయి. అమెరికాలో తొలితరం డిపార్ట్‌మెంట్ స్టోర్లలో అదొకటి.

లోపలికి ఎవరైనా రావొచ్చు, తిరిగి చూడొచ్చు, ఏమీ కొనకుండా వెళ్లిపోవచ్చు. విద్యుత్ దీపాలు, టెలిఫోన్, డబ్బుల్ని గాలి ఒత్తిడితో గొట్టాల్లో పంపే ఏర్పాటు.. కొత్త టెక్నాలజీ ఏదొచ్చినా 1880 నాటికే ఆ స్టోర్‌లో కనిపించేది. చిన్న వ్యాపారులు మాత్రం మండిపడ్డారు. అన్నీ ఒక్కచోటే అమ్మితే తమ గతేంటన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్న ఇవాళ్టికీ పాతబడలేదు.

కంటెంట్ రైటింగ్ ఉద్యోగాలు వెతికేవాళ్లకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి. 1880లో వానమేకర్ ప్రకటనలు రాయడానికే పూర్తికాలం ఉద్యోగిగా జాన్ పవర్స్ అనే ఆయన్ని పెట్టుకున్నారు. పవర్స్ పద్ధతి చాలా మొండిది. ఉన్నదున్నట్టు రాసేవారు. చిరిగే స్థితిలో ఉన్న వానకోట్లు వదిలించుకోవాలని ఓ విభాగం అనుకుంటే, అవి పాడైన సరుకే, అందుకే ఇంత తక్కువ అని ప్రకటన రాశారట. విభాగం అధిపతి తల పట్టుకున్నారు, సరుకు మాత్రం చకచకా అమ్ముడైపోయిందని చెబుతారు. ఆ మొండితనం భరించలేక వానమేకర్ ఆయన్ని ఓసారి తీసేశారు, మళ్లీ పిలిచారు, చివరికి మళ్లీ వదులుకున్నారు. నిజం చెప్పాలని కోరుకునే యజమానికి కూడా పూర్తి నిజం అప్పుడప్పుడూ మింగుడుపడదు!

మచ్చలూ ఉన్నాయి

ఇదంతా చదివి ఆయన్ని దేవుణ్ని చేయకండి. 1888 ఎన్నికల్లో బెంజమిన్ హారిసన్ కోసం వానమేకర్ భారీగా నిధులు సేకరించారు. గెలిచిన హారిసన్ 1889లో ఆయన్ని పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా నియమించారు. అది కేబినెట్ పదవి. డబ్బు పోసి పదవి తెచ్చుకున్నారని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పార్టీ మారగానే వేలమంది పోస్ట్‌మాస్టర్లను తప్పించి తమవాళ్లను పెట్టడం ఆయన హయాంలోనూ జరిగింది. దుకాణంలో అందరికీ ఒకే లెక్క అన్న మనిషి ప్రభుత్వంలోకి వెళ్లాక మనవాళ్లు, పరాయివాళ్లు అనే లెక్కలోకి దిగారన్నమాట. ఈ విమర్శ న్యాయమైనదే.

అదే పదవిలో మంచి ఆలోచనలూ చేశారు. అప్పటివరకు పల్లె జనం ఉత్తరం కోసం పోస్టాఫీసుకు వెళ్లాల్సి వచ్చేది. ఇంటికే తెచ్చివ్వాలని ఆయన పట్టుబట్టారు. పార్శిళ్లు కూడా తపాలా శాఖే మోయాలని, పేదలకు తపాలా పొదుపు బ్యాంకు ఉండాలని వాదించారు. పార్శిళ్ల వ్యాపారం చేతిలో ఉన్న ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కంపెనీలు అడ్డుకున్నాయి. 1893లో ఆయన పదవి దిగిపోయేసరికి ఇవేవీ పూర్తి కాలేదు. పల్లెలకు తపాలా బట్వాడా 1896లో మొదలైంది. పార్శిల్ పోస్టు 1913 జనవరి 1న వచ్చింది. బరువుకింత, దూరానికింత అని ముందే అచ్చేసిన రేట్లతో! ఇరవై ఏళ్లు ఆలస్యమైనా, దుకాణం చీటీ లాంటిదే తపాలా కౌంటర్ దాకా చేరింది.

చివరి అంకం

1896లో వానమేకర్ న్యూయార్క్ వెళ్లి, తనకన్నా ముందు ఒకే ధర పాటించిన స్టీవర్ట్ పాత దుకాణాన్ని కొన్నారు. ఫిలడెల్ఫియాలో గోదాం స్థానంలో కొత్త భవనం తలపెట్టారు. వాస్తుశిల్పి డేనియల్ బర్నమ్. పని సగంలో ఉండగా 1907 ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. అయినా ఆపలేదు. 1911 డిసెంబరులో అధ్యక్షుడు టాఫ్ట్ వచ్చి ఆ భవనాన్ని ప్రారంభించారు. మధ్య హాల్లో పెట్టిన భారీ పైప్ ఆర్గాన్ ఎంత పెద్దదంటే, సెయింట్ లూయిస్ నుంచి దాన్ని తేవడానికి పదమూడు రైలు వ్యాగన్లు పట్టాయి. దుకాణంలో పనిచేసే కుర్రకారు చదువుకోవడానికి అక్కడే తరగతులు నడిపారు. తనకు దొరకని చదువు వాళ్లకు దొరకాలనుకున్నారేమో.

ఆయన ఎనభయ్యో పడిలో జరిగిన సంగతి ఒకటి చెప్పి తీరాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధరలు ఆకాశాన్నంటాయి. 1920 మేలో, రెండు దుకాణాల్లోనూ ప్రతి వస్తువు మీదా ఇరవై శాతం తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. కొందరికి కాదు, అడిగినవాళ్లకే కాదు.. అందరికీ. ఓక్ హాల్ తెరిచి అప్పటికి యాభై తొమ్మిదేళ్లు. ధర మారింది గానీ, ధర చెప్పే పద్ధతి మారలేదు. 1922 డిసెంబరు 12న ఆయన కన్నుమూశారు. ఫిలడెల్ఫియా సిటీ హాల్ దగ్గర ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది.

మరి తాళం సంగతి?

మీకో సందేహం వచ్చి ఉండాలి. చొక్కా అంటే ముందే తయారై ఉంటుంది, చీటీ తగిలించొచ్చు. పాడైన తాళం అలా కాదు కదా! చూడకుండా ధర ఎలా చెబుతారు? నిజమే. ఆ రాత్రి వచ్చినతని మాటలో సగం న్యాయం ఉంది. కానీ సగమే.

వానమేకర్ ఇచ్చింది కేవలం చీటీ కాదు. వద్దు అనే హక్కు. కొనకముందు వద్దనొచ్చు, కొన్నాక కూడా వద్దనొచ్చు, ఊరికే చూసి వెళ్లిపోవచ్చు. ధర తెలియడం ముఖ్యమే, వద్దనగలిగే సమయంలో తెలియడం ఇంకా ముఖ్యం. డ్రిల్ పెట్టాక చెప్పిన ధర ఎంత న్యాయమైనదైనా అది బిల్లే అవుతుంది. అత్యవసర సేవల్లో ఈ తేడా మరీ పెద్దది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ విషయంలోనే వినియోగదారులను హెచ్చరిస్తుంటుంది.. ఫోన్‌లో తక్కువ ధర చెప్పి, వచ్చాక పెంచేవాళ్లున్నారని, తాళం చూడగానే డ్రిల్ చేయాల్సిందే అనేవాళ్లతో జాగ్రత్త అని. వానమేకర్ పుట్టిన దేశంలోనూ ఆట పూర్తిగా ఆగలేదన్నమాట.

తాళాలు తీసే పనిలో ధరను ముందే చెప్పడం కుదిరే పనే. మొత్తం తెలియకపోతే ముక్కలు చేసి చెప్పాలి. మీరు ఏసీ రిపేరు పెట్టుకున్నా, ల్యాప్‌టాప్ సర్వీస్ పెట్టుకున్నా, ఫ్రీలాన్సింగ్ చేసినా ఇదే వరస:

* వచ్చినందుకు విజిటింగ్ చార్జీ ఎంత, పని జరగకపోయినా అది ఇవ్వాలా.. ఫోన్‌లోనే చెప్పండి.

* రాత్రి పూట, ఆదివారం, ఎక్కువ దూరం అయితే అదనం ఎంతో అప్పుడే చెప్పండి.

* పగలగొట్టకుండా తీస్తే ఎంత, డ్రిల్ చేయాల్సివస్తే ఎంత, కొత్త తాళం వేస్తే ఎంత.. ఒక్కోదానికి ఇంత నుంచి ఇంతవరకు అని చెప్పండి. తాళం ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుంటే అంచనా ఇంకా దగ్గరగా వస్తుంది.

* తలుపు దగ్గరికి వెళ్లి చూశాక, పనిముట్టు బయటికి తీయకముందే ఖాయమైన ధర చెప్పండి. ఒప్పుకోకపోతే విజిటింగ్ చార్జీ తీసుకుని వెనక్కి రండి.

* మధ్యలో ఖర్చు పెరిగేలా ఉంటే పని ఆపి అడగండి. చేసేసి చెప్పకండి.

* చెప్పిందంతా ఒక్క మెసేజ్‌లో పంపండి. అదే మీ ప్రకటన.

ఉద్యోగం వెతికేటప్పుడు మీరు అవతలివైపు ఉంటారు. అప్పుడు ఇవే ప్రశ్నలు మీరడగాలి. ప్యాకేజీ ఎంత అన్నది అందరూ అడుగుతారు. చేతికొచ్చేదెంత? బాండ్ ఉందా? మధ్యలో మానేస్తే కట్టాల్సిందెంత? ట్రైనింగ్ ఫీజు ఉందా? సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టమంటారా? ఇవి జాయినింగ్ రోజున తెలిస్తే లాభం లేదు. ఊరు మారి, హాస్టల్ అడ్వాన్స్ కట్టి, ఇంట్లో స్వీట్లు పంచాక తెలిసే షరతు.. డ్రిల్ పెట్టాక తెలిసే ధర లాంటిదే. సంతకానికి ముందే అడగండి. అడిగితే అవకాశం పోతుందేమోనని భయపడొద్దు. సూటిగా అడిగినదానికి సూటిగా చెప్పని చోట, చేరాక అడిగి ఏం ప్రయోజనం?

ఇప్పుడు నేను ఏ పని ఒప్పుకున్నా మొదటి మెసేజ్‌లోనే ధర ఉంటుంది. అందులో ఏమేం వస్తాయి, ఏమేం రావు అని కూడా. మొన్నామధ్య ఒకాయన అది చూసి తన బడ్జెట్‌కి ఎక్కువని వద్దన్నారు. పర్లేదు సార్ అని ఫోన్ పెట్టేశా. లోపల కాస్త గుచ్చుకుంది, అబద్ధమెందుకు! నెల తిరిగేసరికి ఆయన పేరు చెప్పి ఇంకొకరు ఫోన్ చేశారు. ధర ఎంతని అడగలేదు. ఆయన ముందే చెప్పారట.